సోలార్ మోటారా, కరెంటు కనెక్షనా? చీనీ తోటకు ఏది మేలో చెప్పండి

చీనీతోట (ధర్మవరం):
అందరికీ నమస్కారం. నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట మాది, చెట్లకు ఆరేళ్ళు. పాత బోరు పోయిన ఎండాకాలమే ఎత్తిపోయింది. తోటకు అవతలి మూల కొత్త బోరు వేస్తే 450 అడుగుల్లో రెండు ఇంచుల నీళ్ళు పడ్డాయి. దానికి కరెంటు రావాలంటే స్తంభాలు వేయాలి, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. డీడీ కట్టి వరుసలో నిలబడాలి. ఈలోపు చెట్లు ఎండిపోయేటట్టున్నాయి.

సబ్సిడీలో సోలార్ పంపుసెట్ పెట్టించుకుందామని మా పిల్లోడు పట్టు. ఊరికే వచ్చే కరెంటు వదిలి చేతి డబ్బు ఎందుకు పోస్తావని మా అన్న కోప్పడుతున్నాడు. వాడుతున్నవాళ్ళు చెప్పండి. 5 హెచ్‌పీ ఆ లోతు నుంచి లాగుతుందా?

స్టార్టర్‌డబ్బా (కదిరి, మోటారు మెకానిక్):
అన్నా, బోరు లోతు కాదు నాకు కావలసింది. మోటారు నడిచేటప్పుడు నీళ్ళు ఎన్ని అడుగుల దగ్గర నిలబడతాయో చెప్పు. 450 అడుగుల బోరులో నీళ్ళు 150 దగ్గరే ఉంటే 5 హెచ్‌పీ హాయిగా నడుస్తుంది. 350కి దిగజారితే 7.5 కావాలి.

సోలార్ మోటారులో మంచి చెప్తా, చెడ్డ చెప్తా. మంచి ఏందంటే వోల్టేజీ గోల ఉండదు. మా షాపులోకి వచ్చే మోటార్లలో ఎక్కువ భాగం లో వోల్టేజీకి, సింగిల్ ఫేజ్‌కి వైండింగ్ కాలినవే. సోలార్ కంట్రోలర్ మోటారును మెల్లగా ఎత్తుకుంటుంది, బోరులో నీళ్ళు అయిపోతే తనే ఆపేస్తుంది. చెడ్డ ఏందంటే, ఆ కంట్రోలర్ పాడైతే మాలాంటోళ్ళ చేతిలో ఏమీ లేదు. లోపలి బోర్డు కంపెనీకి పోవాలి. పోయినేడు ఒక రైతుకు అట్లా పోయిన బోర్డు తిరిగి వచ్చేసరికి పూత మొత్తం రాలిపోయింది.

వరిమడి (కరీంనగర్ జిల్లా):
మీ అన్న అడిగిందే నేనూ అడుగుతా. మాకు 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు. అంతకుముందు రాత్రి రెండింటికి కరెంటొస్తే టార్చిలైటు పట్టుకుని పొలం పోయేటోళ్ళం. పాముకాట్లు, షాకులు ఎన్ని చూశామో. ఇప్పుడు పగలు తీరిగ్గా స్విచ్చేసుకుంటున్నాం. మీ దగ్గరా పగలే తొమ్మిది గంటలు ఇస్తున్నారు గదా. సోలార్ ఇచ్చేది ఎండ ఉన్న ఆరేడు గంటలే. ఊరికే వచ్చేదాన్ని కాదని కొనుక్కోవడం ఏంది?

యూనిట్‌లెక్క (విజయవాడ, విశ్రాంత విద్యుత్ ఇంజినీరు):
వరిమడి గారూ, ఊరికే వచ్చేది మీకు. ఖజానాకు కాదు. ఒక లెక్క చెప్తాను, కోప్పడకండి.

వెయ్యి లీటర్ల నీటిని ఒక మీటరు ఎత్తడానికి భౌతికశాస్త్రం ప్రకారం 2.7 వాట్-అవర్లు చాలు. కానీ మన మోటారు, పంపు, పైపు కలిపి మహా అయితే 40 శాతం పని చేస్తాయి. అంటే దాదాపు 7 పడుతుంది. యాసంగి వరికి ఎకరాకు 1200 మిల్లీమీటర్ల నీరు పెడతారనుకుంటే 48 లక్షల లీటర్ల పైమాటే. ముప్పై అడుగుల బావి నుంచి అయితే సుమారు 300 యూనిట్లతో పంట చేతికొస్తుంది. అదే 330 అడుగుల బోరు నుంచి అయితే 3,300 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలే వేసుకున్నా, ఎకరానికి ఇరవై వేలు కరెంటు రూపంలో పోస్తున్నాం. ధాన్యం అమ్మితే రైతుకు మిగిలేది ఎంతో మీకే బాగా తెలుసు.

కరెంటు బొగ్గుదా సోలార్‌దా అన్నది తరువాతి సంగతి. ముందు నీరు ఎంత లోతు నుంచి వస్తోందన్నది ప్రశ్న.

వరిమడి (కరీంనగర్ జిల్లా):
సార్, లెక్క బాగుంది. కానీ నీళ్ళు లోతుకు పోయింది మా ఒక్కళ్ళ పాపమా? వడ్లు తప్ప ఇంకేది కొంటున్నరు మా దగ్గర? మా పక్క మండలంలోనే కాళేశ్వరం ఎత్తిపోతల లక్ష్మీపూర్ పంప్‌హౌస్‌ల 139 మెగావాట్ల మోటార్లు ఏడున్నయి. ఒక్కటి తిరిగితే ఎన్ని వేల బోర్ల కరెంటో అది కూడా లెక్కేయండి.

యూనిట్‌లెక్క (విజయవాడ, విశ్రాంత విద్యుత్ ఇంజినీరు):
వేశాను. 5 హెచ్‌పీ మోటారు నాలుగైదు కిలోవాట్లు లాగుతుంది. ఆ లెక్కన ఒక్క పంపు దాదాపు 30 వేల బోర్లకు సమానం. మీ మాట కాదనను. ఎత్తిపోతల పథకాలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

చెరువుగట్టు (ఆకివీడు):
మా రొయ్యల చెరువుల సంగతి కూడా వినండి. మీకు పగలు కరెంటు కావాలి, మాకు తెల్లవారుజామున కావాలి. పగలంతా నీటిలో నాచు ఆక్సిజన్ వదులుతుంది. రాత్రయ్యాక అదే నాచు, రొయ్యలు, అడుగు బురద అన్నీ కలిసి పీల్చేస్తాయి. మూడు నుంచి అయిదు మధ్య ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ టైంలో నీటిలో గాలి కలిపే ఏరియేటర్ ఆగిందా, రొయ్య పైకి తేలిపోతుంది. గట్టు మీద పడుకున్న కుర్రాడు కరెంటు పోయిందని తెలిసిన క్షణం జనరేటర్ దగ్గరికి పరిగెత్తాల్సిందే. డీజిల్ ఖర్చు ఎవరికి చెప్పుకుంటాం.

సోలార్ వాళ్ళు వచ్చి ప్యానెళ్ళు పెట్టండి, డీజిల్ ఆదా అంటారు. తెల్లవారుజామున సూర్యుడెక్కడ? బ్యాటరీ ధర చెప్తే గుండె ఆగిపోతుంది. నెట్ మీటరింగ్ అయితే కొంత నయం. పగలు లైనుకు పంపి రాత్రి వాడుకోవచ్చు. కానీ ఆక్వాకు యూనిట్ రూపాయిన్నర రాయితీ వచ్చేవాళ్ళకు నెట్ మీటరింగ్ కిట్టదు. రాయితీ రానివాళ్ళకు కిట్టుతుంది. లైనే పోతే ఇద్దరికీ జనరేటరే గతి.

బుజ్జి_డల్లాస్:
చీనీతోట బాబాయ్, మాది కూడా ఆ వైపే, తాడిపత్రి. నాకొక సందేహం. తోటకు నీళ్ళు అక్కర్లేని రోజుల్లో ప్యానెళ్ళు ఊరికే ఎండుతుంటాయి కదా. ఆ కరెంటు లైనుకు అమ్ముకోలేమా? ఇక్కడ ఇళ్ళ మీద ప్యానెళ్ళు పెట్టినవాళ్ళు చాలామంది అలాగే చేస్తున్నారు.

చీనీతోట (ధర్మవరం):
నిజమే బుజ్జీ. పూతకు ముందు చెట్టుకు బెట్ట పెడతాం కదా, నెల పైన నీళ్ళు బంద్. వానలు బాగా పడితే ఇంకా ఎక్కువ రోజులు. కానీ నా బోరు దగ్గర లైనే లేదే, ఎవరికి అమ్మేది.

యూనిట్‌లెక్క (విజయవాడ, విశ్రాంత విద్యుత్ ఇంజినీరు):
బుజ్జి గారు అసలు మాట అడిగారు. 2019లో వచ్చిన కేంద్ర పథకం పీఎం కుసుమ్‌లో మూడు భాగాలు. ‘ఎ’ అంటే బీడు భూమిలో 2 మెగావాట్ల వరకు సోలార్ ప్లాంటు పెట్టి దగ్గరి సబ్‌స్టేషన్‌కు అమ్మడం. ‘బి’ అంటే లైను లేని చోట 7.5 హెచ్‌పీ దాకా విడి సోలార్ పంపు. చీనీతోట గారిది ఇదే. ‘సి’ అంటే ఇప్పటికే కరెంటున్న మోటార్లకో, ఊళ్ళ మోటార్లకు కరెంటు తెచ్చే మొత్తం ఫీడరు లైనుకో సోలార్ పెట్టడం. ‘బి’లో కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం ఇస్తే రైతు వాటా 40. అందులో 30 వరకు బ్యాంకు అప్పు తీసుకోవచ్చని నిబంధన.

అమ్మకం సంగతికి వస్తే గుజరాత్‌లోని ఖేడా జిల్లా ఢుండి అనే ఊరు చూడాలి. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ తోడ్పాటుతో అక్కడ 2015-16 ప్రాంతంలో ఆరుగురు రైతులు సోలార్ పంపులు పెట్టుకుని సహకార సంఘంగా ఏర్పడ్డారు. మిగిలిన కరెంటును యూనిట్ 4.63 రూపాయలకు డిస్కంకు (కరెంటు పంపిణీ సంస్థకు) అమ్మేలా 25 ఏళ్ళ ఒప్పందం చేసుకున్నారు. దాని మీద ఆ సంస్థ కొంత ప్రోత్సాహకం కూడా కలిపింది. నాకు అందులో నచ్చింది ఒక్కటే. అంతకుముందు మోటారు ఆపితే రైతుకు వచ్చేది శూన్యం. ఇప్పుడు ఆపితే డబ్బు. ఎండ పంట లాంటిదే అక్కడ. తర్వాత 2018లో ఆ రాష్ట్రం ‘సూర్యశక్తి కిసాన్ యోజన’ తెచ్చిందీ ఈ దారిలోనే.

విడి సోలార్ పంపులో ఆ ఆకర్షణ లేదు. ప్యానెల్ కొన్నాక ప్రతి లీటరూ ఉచితమే, కరెంటు కోత కూడా లేదు. ఎండ ఉన్నంతసేపు నడిపేస్తారు. అనంతపురం లాంటి చోట నాకు భయం అదే. బొగ్గు కరెంటుతో పదేళ్ళలో ఎండిన బోరు సోలార్‌తో అయిదేళ్ళలో ఎండితే దాన్ని పచ్చని విద్యుత్తు అని ఎలా అంటాం?

స్టార్టర్‌డబ్బా (కదిరి, మోటారు మెకానిక్):
సారు మాట నిజమే గానీ, కరెంటు రాగానే మోటారును తనే నడిపించే ఆటో స్టార్టర్ బిగించి రాత్రంతా వదిలేసినోళ్ళు తక్కువేం కాదు. ఆ 24 గంటల కరెంటు మొదలైనప్పుడు తెలంగాణలో వాటిని పీకించడానికి ఊరూరా చెప్పాల్సొచ్చింది. సోలార్‌కి పొద్దు గూకితే ఆగడం ఒక్కటి పుట్టుకతోనే ఉంది.

మాటకుమాట:
అందుకే మోటార్లకు మీటర్లు పెడతామన్నది. మీటరు పెడితే తప్పేంటి? అడ్డుకున్న నాయకులే ఇప్పుడు

వేదిక నిర్వాహకులు:
మాటకుమాట గారి మిగతా వ్యాఖ్య తీసేశాం. పార్టీల గొడవకు వేరే చోటు ఉంది. నీళ్ళు, మోటార్లు, ప్యానెళ్ళ దగ్గర ఉండండి.

పావగడ_సీమ:
నేను సరిహద్దుకు అవతల, కర్ణాటకలోని పావగడ తాలూకా. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. మా దగ్గర 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. భూమి కొనలేదు, ఎకరాకు ఏడాదికి 21 వేల కౌలుతో మొదలుపెట్టారు, రెండేళ్ళకోసారి 5 శాతం పెంపు. వేరుశనగ వేసి వాన కోసం ఆకాశం చూసే మాకు ఆ డబ్బు పెద్ద ఊరట. నేనైతే సంతోషంగానే ఇచ్చాను. కానీ భూమి లేని కూలీలకు ఏమొచ్చింది? కలుపు తీసే పని పోయింది. గొర్రెలు కాసేవాళ్ళకు బీడు పోయింది. కంచె లోపల ప్యానెళ్ళు తుడిచే పని ఎంతమందికి దొరుకుతుంది? ‘ఎ’ భాగం అంటూ ఊరి బీళ్ళలో ప్లాంట్లు పెట్టేవాళ్ళు ఈ ముక్క ముందే ఆలోచించాలి.

కళ్ళంలోమిర్చి (గుంటూరు జిల్లా):
మీ అందరిదీ నీళ్ళ గోల, మాది ఆరబెట్టే గోల. మిరపకాయ కోశాక పది పన్నెండు రోజులు కళ్ళంలో ఎండాలి. ఇది కూడా సౌరశక్తే కదండీ, ఎవరూ లెక్కలో వేయరు! మధ్యలో ఒక్క జల్లు పడితే పట్టాలు కప్పడానికి ఇంటిల్లిపాదీ పరిగెత్తాలి. లోపల చెమ్మ నిలిచిందా, కాయ తెల్లబడి తాలు అవుతుంది. బూజు విషం ఉందంటే ఎగుమతివాళ్ళు ముట్టుకోరు. మా ఆయన ప్లాస్టిక్ షీటుతో సొరంగంలాంటి సోలార్ డ్రయ్యర్ వేశారు. అందులో సగం రోజులకే ఆరుతోంది, రంగు నిలుస్తోంది, దుమ్ము పడటం లేదు. కానీ అందులో పట్టేది మాకొచ్చే కాయలో ఒక మూల. మిగతాదంతా కళ్ళమే.

ధర లేకపోతే ఏసీలో పెడతాం. ఆ కోల్డ్ స్టోరేజీల కరెంటు బిల్లు చివరికి మా బస్తా అద్దెలోనే పడుతుంది. రేకుల కప్పు అంత పెద్దది ఉంది, అందరూ ప్యానెళ్ళు వేసుకుంటే మాకు అద్దె తగ్గుతుందా అని ఒకాయన్ని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

చీనీతోట (ధర్మవరం):
అద్దెకు జనరేటర్ తెచ్చి బోరు నడిపించాను. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా ఆపలేదు. నిలకడ నీళ్ళు 180 అడుగుల దగ్గర. నడుస్తుంటే దిగుతూ దిగుతూ 300 దగ్గర నిలబడింది. చివర్లో 200 లీటర్ల డ్రమ్ము పెట్టి చూస్తే నిండడానికి రెండున్నర నిమిషాలు పట్టింది.

స్టార్టర్‌డబ్బా (కదిరి, మోటారు మెకానిక్):
రిగ్గోళ్ళ రెండు ఇంచులను నమ్మకుండా ఇట్లా చూసుకునేవాళ్ళు నూటికి ఒకరుండరన్నా. గంటకు 4,800 లీటర్లు. ఇంక 7.5 మాటే వద్దు. అది పెడితే పొద్దున పది గంటలకే బోరు ఖాళీ చేసి ఆగి ఆగి నడుస్తుంది. 5 చాలు.

యూనిట్‌లెక్క (విజయవాడ, విశ్రాంత విద్యుత్ ఇంజినీరు):
5 హెచ్‌పీకి 4.8 కిలోవాట్ల ప్యానెళ్ళు ఇస్తారు. 540 వాట్లవి తొమ్మిది. సెంటు స్థలం చాలు. మంచి ఎండలో రోజుకు 24 యూనిట్ల దాకా వస్తే, 300 అడుగుల ఎత్తుకు డ్రిప్పు ఒత్తిడి కూడా కలిపి సుమారు 34 వేల లీటర్లు తోడుతుంది. మీ బోరు ఏడు గంటల్లో ఇచ్చేదీ అంతే. ఎకరాకు 110 చెట్ల లెక్కన చెట్టుకు 75 లీటర్ల పైచిలుకు. వేసవి నడిమధ్య అది బొటాబొటి. పాదుల్లో వేరుశనగ పొట్టో ఎండుటాకో మందంగా కప్పితే గట్టెక్కుతారు.

ఒక్కటి ముందే చూసుకోండి. భూగర్భజల శాఖ మీ మండలాన్ని అతిగా తోడిన జాబితాలో పెట్టిందేమో. అలాంటి చోట ‘బి’ భాగం కింద కొత్త పంపులకు వీలు లేదు. డ్రిప్పు లాంటి సూక్ష్మ సేద్యం ఉంటేనే, అదీ పాత డీజిల్ ఇంజన్ స్థానంలో మాత్రమే ఇవ్వాలని కేంద్రం మార్గదర్శకాల్లో ఉంది. దరఖాస్తు రుసుము కట్టాక తెలిస్తే బాధ.

చీనీతోట (ధర్మవరం):
ఇది మాకు ఎవరూ చెప్పలేదు సార్. డ్రిప్పు అయితే ఉంది. మండలం సంగతి కనుక్కుంటా. కుదరకపోతే?

యూనిట్‌లెక్క (విజయవాడ, విశ్రాంత విద్యుత్ ఇంజినీరు):
కుదరకపోతే పాత బోరు సర్వీసును కొత్త బోరుకు మార్చమని డిస్కంలో దరఖాస్తు పెట్టండి. పాత బోరు ఎత్తిపోయింది కాబట్టి కొత్త సర్వీసు కోసం వరుసలో నిలబడటం కంటే ఇదే తేలిక కావచ్చు. మీ అన్నగారి పంతం కూడా నెగ్గుతుంది.

వరిమడి (కరీంనగర్ జిల్లా):
మా దిక్కు ఇంకో ముచ్చట. పోడు పట్టాలున్న గిరిజన రైతులకు సోలార్ పంపులిచ్చే ‘ఇందిర సౌర గిరి జల వికాసం’ 2025 మే నెలల నల్లమలల అమ్రాబాద్ మండలం మాచారంలో మొదలైంది. అడవిల స్తంభాలు వేయాలంటే అనుమతుల తిప్పలు, అసుంటి తావున సోలారే సరి. నేను సోలార్‌కు వ్యతిరేకిని కాదు, నా పొలం దగ్గర లైనుందని అన్నా అంతే. ఇంతకీ కోతులకు ఏం చేస్తున్నరు? మా ఊర్ల అవి ట్యాంకు మూతలే పీకుతున్నయి, ప్యానెళ్ళను ఊకుంటయా?

స్టార్టర్‌డబ్బా (కదిరి, మోటారు మెకానిక్):
కోతులకు మందు లేదన్నా. ప్యానెల్ మీద కూర్చుంటే ఏం కాదు, వైర్లు పీకితేనే కష్టం. వైర్లన్నీ పైపులో వేయించండి. కోతుల కంటే రాగి కేబుల్ దొంగలతోనే ఎక్కువ జాగ్రత్త. వడగళ్ళకు, దొంగతనానికి బీమా, అయిదేళ్ళ మెయింటెనెన్సు పంపుసెట్‌తోనే వస్తాయి. ఆ కాగితాలు ఇంజినీరు చేతి నుంచి తీసుకుని బీరువాలో పెట్టుకోండి, ఇస్తాంలే అంటే ఒప్పుకోవద్దు. ప్యానెళ్ళు పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఉత్త నీళ్ళతో కడగాలి. మిట్టమధ్యాహ్నం కాలుతున్న అద్దం మీద చల్లనీళ్ళు కొడితే పగులుతుంది. ఎర్రమట్టి దుమ్ము మన దగ్గర ఎక్కువ, పదిహేను రోజులకోసారి తప్పదు.

కళ్ళంలోమిర్చి (గుంటూరు జిల్లా):
బెట్ట పెట్టిన నెలలో ప్యానెళ్ళు ఖాళీగా ఉంటాయన్నారుగా. ఆ కరెంటుతో గడ్డి కోసే మిషనో పిండిమరో నడిపే కంట్రోలర్లు ఉన్నాయట కదా, ఎవరైనా వాడారా?

స్టార్టర్‌డబ్బా (కదిరి, మోటారు మెకానిక్):
ఉన్నాయక్కా, యూనివర్సల్ కంట్రోలర్ అంటారు. మామూలు దానికంటే ధర ఎక్కువ. పాడి ఉన్న ఇంటికి బాగా పనికొస్తుంది. ఒక్క గేదె ఉన్నోళ్ళకు దండగ.

చెరువుగట్టు (ఆకివీడు):
దరఖాస్తు చేసేవాళ్ళు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. కుసుమ్ పేరుతో దొంగ వెబ్‌సైట్లు బోలెడున్నాయి. ఫోను చేసి రిజిస్ట్రేషన్ ఫీజు అంటారు. కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖే చాలాసార్లు హెచ్చరించింది. ఆంధ్రలో పునరుత్పాదక ఇంధన సంస్థ నెడ్‌క్యాప్ లేదా మీ డిస్కం, తెలంగాణలో అలాంటి సంస్థే రెడ్కో. వీళ్ళ ఆఫీసుకు మనిషి వెళ్ళి కనుక్కోవడమే మేలు.

చీనీతోట (ధర్మవరం):
అందరికీ దండాలు. సోమవారం పిల్లోణ్ణి భూగర్భజల శాఖ ఆఫీసుకు పంపిస్తున్నా. జాబితాలో మా మండలం లేకపోతే 5 హెచ్‌పీ సోలార్. ఉంటే పాత సర్వీసు మార్పిడి. వేరుశనగ పొట్టు ట్రాక్టరు ఎంతకు దొరుకుతుందో కదిరి పక్కవాళ్ళెవరైనా చెప్తారా?

స్టార్టర్‌డబ్బా (కదిరి, మోటారు మెకానిక్):
మా షాపు వెనకే కాయ కొట్టే మిల్లుంది అన్నా. రేపు కనుక్కుని చెప్తా. పొట్టు ఎక్కువ తడిసింది మాత్రం తీసుకోవద్దు, చెదలు పడుతుంది.